దీర్ఘకాలిక వ్యాధితో జీవితం: ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది?



మీ తరగతిలో ఎవరికైనా జ్వరం వస్తే మనం "తగ్గిపోతుందిలే" అంటాం. నిజంగానే వారం తిరిగేలోగా తగ్గిపోతుంది. మరి తగ్గిపోని జబ్బు వచ్చినవారితో ఏమనాలి? టైప్-1 మధుమేహం, ఉబ్బసం, మూర్ఛ, తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి, పిల్లల్లో వచ్చే కీళ్లవాతం వంటివి చదువుకునే వయసులోనే కనిపించి, ఏళ్ల తరబడి వెంట ఉండవచ్చు. మీలో కొందరికి వీటిలో ఏదో ఒకటి ఉండవచ్చు. మీ పక్క బెంచీలో కూర్చునే వారికి ఉండి, మీకు తెలియకపోనూ వచ్చు.

అలాంటివారికి అందరూ చెప్పే మాట ఒకటే: "ధైర్యంగా ఉండు, మంచిగా ఆలోచించు." మాట మంచిదే. కానీ ఎలా ఉండాలో ఎవరూ చెప్పరు. పైగా ధైర్యం రాని రోజున, అది కూడా మన తప్పేనేమో అనిపిస్తుంది. ఈ ప్రసంగంలో ఆ "ఎలా" అన్నదాని గురించి మాట్లాడుకుందాం.

అన్ని వ్యాధుల గురించీ ఒకేసారి చెబితే ఏదీ స్పష్టంగా ఉండదు. కాబట్టి టైప్-1 మధుమేహాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. దీని గురించి నేను చదివాను, తరగతిలో పాఠం చెప్పాను. వాటన్నిటికంటే ముందు, 1985 నుంచి దీనితో జీవిస్తున్నాను.

శరీరంలో ఏం జరుగుతుంది?

జీర్ణాశయం వెనుక క్లోమం అనే గ్రంథి ఉంటుందని మీకు తెలుసు. అందులో లాంగర్‌హాన్స్ పుటికలు అనే చిన్న కణ సమూహాలు, వాటిలో బీటా కణాలు ఉంటాయి. ఇన్సులిన్ తయారయ్యేది ఈ బీటా కణాల్లోనే. తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలో చేరినప్పుడు, అది కండరాల్లోకీ కొవ్వు కణాల్లోకీ తగినంతగా వెళ్లాలంటే ఇన్సులిన్ కావాలి. కాలేయం అవసరానికి మించి గ్లూకోజ్‌ను విడుదల చేయకుండా అదుపు చేసేది కూడా ఇన్సులినే.

టైప్-1 మధుమేహంలో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున తన బీటా కణాలనే శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది. అప్పుడు రక్తం నిండా గ్లూకోజ్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. శరీరం శక్తి కోసం కొవ్వును కరిగించుకుంటుంది. ఆ క్రమంలో పుట్టే కీటోన్లు పేరుకుపోయి రక్తం ఆమ్లంగా మారుతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, తింటున్నా చిక్కిపోవడం దీని తొలి లక్షణాలు.

ఇక్కడ మూడు విషయాలు గట్టిగా చెప్పాలి. ఇది మిఠాయిలు ఎక్కువగా తిన్నందువల్ల వచ్చేది కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. తల్లిదండ్రుల పెంపకంలో లోపం వల్ల వచ్చేదీ కాదు. చాలా ఇళ్లలో జబ్బు కంటే ముందు ఈ మూడు అపోహలే పిల్లల్ని కుంగదీస్తాయి.

1922కు ముందు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. కెనడాలోని టొరంటో నగరంలో 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. ఆ మందు శుద్ధంగా లేక ఆశించిన ఫలితం రాలేదు. జేమ్స్ కోలిప్ దాన్ని మరింత శుద్ధి చేశాక, జనవరి 23న మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి బాలుడు కోలుకున్నాడు, మరో 13 ఏళ్లు జీవించాడు. ఈ పరిశోధనకు 1923లో ఫ్రెడరిక్ బాంటింగ్‌కు, జాన్ మాక్లియోడ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వారిద్దరూ తమ బహుమతి సొమ్మును సహచరులు చార్లెస్ బెస్ట్, కోలిప్‌లతో పంచుకున్నారు.

ఈ చరిత్రలో మనం గమనించవలసినది ఒకటుంది. ఇన్సులిన్ ఈ వ్యాధిని నయం చేయలేదు. ప్రాణం తీసే వ్యాధిని దీర్ఘకాలిక వ్యాధిగా మార్చింది. "దీర్ఘకాలిక" అనే మాట వినగానే మనకు దిగులు కలుగుతుంది. కానీ ఆ మాటలో దీర్ఘకాలం జీవించడం కూడా ఉంది. లెనార్డ్ కంటే ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకు ఆ అవకాశం లేదు.

నా నోటు పుస్తకం

నాకు ఈ వ్యాధి ఇంటర్మీడియట్ చదివేటప్పుడు బయటపడింది. అప్పట్లో ఇంట్లో రక్తపరీక్ష చేసుకునే పరికరం మాకు అందుబాటులో లేదు. మూత్రంలో చక్కెర ఉందో లేదో చూసేవాళ్లం. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం, 8 చుక్కల మూత్రం వేసి మరిగించాలి. చక్కెర లేకపోతే ద్రావణం నీలంగానే ఉంటుంది. ఉంటే పరిమాణాన్ని బట్టి ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు రంగుకు మారుతుంది. ప్రయోగశాలలో మీరూ ఈ పరీక్ష చేసి ఉంటారు. మా ఇంట్లో అది వంటింటి పక్కన, కిరోసిన్ స్టవ్ మీద, రోజూ జరిగేది. గాజు సిరంజిని గిన్నెలో నీళ్లు పోసి మరిగించేవాళ్లం. ఫ్రిజ్ లేదు కాబట్టి ఇన్సులిన్ సీసాను తడి ఇసుక పోసిన మట్టికుండలో దాచేవాళ్లం.

అమ్మ రోజూ అడిగేది, "ఏరా, ఇవాళ ఏ రంగు?" అని. నీలమంటే ఆమె ముఖం వికసించేది. ఎరుపంటే నాన్న ఒక నిట్టూర్పు విడిచి బయటికి వెళ్లిపోయేవారు. ఆయన నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అయినా ఆ నిట్టూర్పు నాకు తిట్టులాగే వినిపించేది. రెండేళ్లు గడిచేసరికి ఆ రంగు నా దృష్టిలో పరీక్ష ఫలితం కాకుండా పోయింది. నా మార్కుల జాబితా అయింది.

ఎమ్మెస్సీ చదవడానికి విశ్వవిద్యాలయ హాస్టలుకు వెళ్లాను. నాకు జబ్బు ఉందని అక్కడ ఎవరికీ చెప్పలేదు. సిరంజి మరిగిస్తే నలుగురూ చూస్తారని కొన్నిసార్లు ఇంజక్షన్ మానేశాను. పరీక్ష చేయడం కూడా తగ్గించాను. కానీ నోటు పుస్తకం మాత్రం క్రమం తప్పకుండా నింపాను: నీలం, నీలం, ఆకుపచ్చ, నీలం. ఇంటికి రాసే ఉత్తరాల్లోనూ అంతా నీలమే. రసాయనశాస్త్రం చదువుతున్న విద్యార్థిని, చేయని పరీక్షకు ఫలితం రాశాను. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

1990 చలికాలంలో జ్వరం వచ్చింది. అన్నం తినడం లేదు కదా, ఇన్సులిన్ ఎందుకని పూర్తిగా మానేశాను. అది చాలా ప్రమాదకరమైన పొరపాటు. జ్వరంలో శరీరానికి ఇన్సులిన్ అవసరం తరచుగా పెరుగుతుంది. రెండు రోజుల్లో వాంతులు, ఆయాసం, మగత వచ్చాయి. కీటోన్లు పేరుకుపోయిన ఆ స్థితిలో నన్ను ఆసుపత్రికి మోసుకువెళ్లింది, నేను ఏమీ చెప్పకుండా దాచిన నా గది మిత్రుడే. ప్రాణం దక్కింది. ఆ ఏడాది పరీక్షలు పోయాయి.

కోలుకున్నాక ఒక పెద్ద డాక్టరుగారు నా నోటు పుస్తకం తిరగేశారు. "ఇది అబద్ధమని చెప్పడానికి నేను నిన్ను పరీక్ష చేయక్కర్లేదు. ఏ మనిషికీ నెలంతా నీలం రాదు" అన్నారు. కోప్పడలేదు. "ఎరుపు వస్తే నిన్ను తిట్టేదెవరు?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఎవరూ తిట్టలేదు. తిట్టుకున్నది నేనే.

అంకె సమాచారం, మార్కు కాదు

ఆ తరువాత నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇది. పరీక్షలో వచ్చే అంకె మనం మంచివాళ్లమో చెడ్డవాళ్లమో చెప్పదు. తరువాత ఏం చేయాలో చెబుతుంది.

రక్తంలో చక్కెరను మార్చేవి తిండి, మందు మాత్రమే కావు. వ్యాయామం, నిద్ర, జ్వరం, ఆందోళన అన్నీ మారుస్తాయి. పరీక్ష ముందు కంగారు పడితే అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు పెరిగి, కాలేయం నుంచి గ్లూకోజ్ ఎక్కువగా విడుదలవుతుంది. యౌవనంలో పెరుగుదల హార్మోను ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది. ఆడపిల్లల్లో నెలసరి రోజులకు ముందు చక్కెర పెరగవచ్చు. నిన్నటి తిండే తిని, నిన్నటి మోతాదే తీసుకున్నా ఇవాళ్టి అంకె వేరుగా రావచ్చు. దానికి "నువ్వు శ్రద్ధగా లేవు" అనడం శాస్త్రీయం కాదు.

అమెరికా, కెనడాల్లో 1,441 మందితో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 1993లో వెలువడ్డాయి. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచినవారిలో కంటి జబ్బు మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది. మూత్రపిండాలకూ నరాలకూ కూడా మేలు జరిగింది. కాబట్టి శ్రమకు ఫలితం ఉందన్నది వట్టి ఓదార్పు మాట కాదు, కొలిచి చూసిన నిజం.

అదే అధ్యయనంలో మరి రెండు సంగతులు ఉన్నాయి. వాటిని సాధారణంగా ఎవరూ మనకు చెప్పరు. రక్తంలో మూడు నెలల సగటు చక్కెరను హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష చూపుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది కాబట్టి, దాని హీమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజ్ ఆ కాలపు చరిత్ర చెబుతుంది. గట్టి చికిత్స పొందినవారిలో కూడా ఈ సగటు సుమారు 7 శాతం దగ్గరే నిలిచింది. వైద్యులు, నర్సులు, ఆహార నిపుణులు వెంట ఉండి చూసుకున్నా, ఎక్కువ మందికి జబ్బు లేనివారి స్థాయి రాలేదు. ఇక రెండోది. వారిలో చక్కెర తీవ్రంగా పడిపోయే ఘటనలు సుమారు 3 రెట్లు ఎక్కువయ్యాయి. అంటే నూటికి నూరు సాధించడం లక్ష్యం కాదు, సురక్షితం కూడా కాదు. ఇవాళ బాగా లేని అంకె వస్తే రేపు కొంత సవరించుకోవడమే అసలు పని. నా డాక్టరుగారు అన్నదీ అదే.

దాచుకోవడానికి అయ్యే ఖర్చు

రెండో సంగతి, జబ్బును దాచడం. దాచడానికి రోజూ ఎంతో శక్తి ఖర్చవుతుంది. జబ్బుతో బతకడానికి కావలసిన శక్తిని అది తినేస్తుంది. అవసరం పడినప్పుడు సాయం చేయగలిగినవారికి ఏం చేయాలో తెలియకుండానూ చేస్తుంది.

ఈ వ్యాధి లేని విద్యార్థులు కూడా ఈ మాటలు జాగ్రత్తగా వినండి. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వణుకు, చెమట, ఆకలి, గుండెదడ, తికమక మొదలవుతాయి. అప్పుడు మీ స్నేహితుడు చిరాకుగా మాట్లాడవచ్చు, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పవచ్చు. స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా సుమారు 3 టీ చెంచాల చక్కెర ఇవ్వండి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే వైద్య సహాయం పిలిపించండి. ఇంత తెలిసిన స్నేహితుడు ఒక్కడుంటే చాలు, ఆ విద్యార్థి ధైర్యంగా ఆటల్లోకీ విహారయాత్రకీ వస్తాడు.

దాచకుండా అడిగితే నియమాలు కూడా మారతాయి. టైప్-1 మధుమేహం ఉన్న విద్యార్థులు బోర్డు పరీక్ష గదిలోకి చక్కెర బిళ్లలు, పండ్లు, చిరుతిండి, నీళ్లు తీసుకువెళ్లడానికి 2017లో సి.బి.ఎస్.ఇ. అనుమతించింది. పాకిస్తాన్ క్రికెటర్ వసీం అక్రమ్‌కు 1997లో, 30 ఏళ్ల వయసులో మధుమేహం బయటపడింది. ఆయన ఆ సంగతి దాచుకోలేదు. ఇన్సులిన్ తీసుకుంటూనే 1999 ప్రపంచ కప్‌లో తన జట్టును ఫైనల్‌కు నడిపించాడు. 2003 ప్రపంచ కప్‌లో వన్డేల్లో 500 వికెట్లు తీసిన తొలి బౌలరయ్యాడు. అందరం వసీం అక్రమ్‌లం కాలేం, కానక్కరలేదు. జబ్బు సంగతి నలుగురికీ తెలిసినంత మాత్రాన ఆట ఆగిపోదని గ్రహిస్తే చాలు.

ఒక శాస్త్రవేత్త చేయించుకున్న మీట

ఉత్సాహం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు డొరతీ హాడ్జ్‌కిన్ గుర్తుకు వస్తారు. ఆమె బ్రిటన్‌కు చెందిన స్ఫటిక శాస్త్రవేత్త. 24 ఏళ్ల వయసులో ఆమెకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉందని తేలింది. ఇది కూడా శరీర రక్షణ వ్యవస్థ తన మీద తానే దాడి చేసే వ్యాధే. అయితే ఇక్కడ దెబ్బ తినేవి కీళ్లు. ఆమె చేతులూ పాదాలూ క్రమంగా వంకర తిరిగాయి. ఆమె పనిలో మాత్రం చిన్న స్ఫటికాలను చేతులతో అమర్చాలి, ఎక్స్-రే పరికరాలు నడపాలి.

ఆమె ఆ చేతులతోనే పెన్సిలిన్, విటమిన్ బి12 అణువుల నిర్మాణాన్ని కనుగొన్నారు. 1964లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. ఇన్సులిన్ స్ఫటికాల మీద 1934లో పని మొదలుపెట్టి, 1969లో దాని నిర్మాణాన్ని వెల్లడించారు. అంటే 35 ఏళ్లు. ఆ చివరి దశలో ఆమె బృందంలో మన దేశానికి చెందిన ఎం. విజయన్ కూడా ఉన్నారు. ఆయన తరువాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రోటీన్ స్ఫటిక శాస్త్రానికి పునాది వేశారు.

ఆమె జీవితంలో నాకు నచ్చిన చిన్న సంగతి ఒకటుంది. నొప్పి వల్ల ఎక్స్-రే యంత్రం ప్రధాన స్విచ్చును వేయడం ఆమెకు కష్టమైంది. అప్పుడామె ఆ స్విచ్చుకు ఒక పొడవాటి మీట అమర్చుకున్నారు. తక్కువ బలంతో స్విచ్చు పడేటట్టు చేసుకుని, మిగిలిన బలాన్ని పనికి ఉపయోగించుకున్నారు. మీట సూత్రం మీరు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే చదివారు.

ఉత్సాహం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ మీటలో ఉంది. మనసును ఎప్పుడూ ఉల్లాసంగా ఉంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఉల్లాసం లేని రోజున కూడా పని జరిగిపోయేలా ఏర్పాటు చేసుకోవడం సాధ్యమే. నేను ఇన్సులిన్‌ను పళ్లు తోముకోవడానికి, రాత్రి భోజనానికి జతచేశాను. చేయాలా వద్దా అని రోజూ ఆలోచించను. జ్వరం వస్తే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించాను. అందులో మొదటి వాక్యం "ఇన్సులిన్ ఆపకూడదు" అని. నా సంచిలో, బల్ల సొరుగులో గ్లూకోజ్ పొట్లాలు ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇన్‌హేలర్, మూర్ఛ ఉన్నవారికి వేళకు మాత్ర, తలసీమియా ఉన్నవారికి రక్తం ఎక్కించుకునే తేదీల పట్టిక ఇలాంటివే.

అలసట వచ్చినప్పుడు

ఎన్ని ఏర్పాట్లు ఉన్నా ఒక్కోసారి విసుగు వస్తుంది. ఈ జబ్బుకు ఆదివారం లేదు, సెలవులు లేవు. వైద్యులు ఈ అలసటను ప్రత్యేకంగా గుర్తించారు, దాన్ని కొలిచే ప్రశ్నావళులు కూడా ఉన్నాయి. దీర్ఘకాలిక వ్యాధులున్నవారిలో కుంగుబాటు ఇతరులలో కంటే ఎక్కువగా కనిపిస్తుందన్నది తెలిసిన విషయమే. ఇది బలహీనత కాదు. "నాకు విసుగొచ్చింది" అని డాక్టరుకు చెప్పడం కూడా చికిత్సలో భాగమే. దిగులు వారాల తరబడి వదలకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇలాంటి అలసటలోనే తప్పుడు ఆశలు కూడా మనల్ని పట్టుకుంటాయి. ఫలానా ఆకు రసంతో ఇన్సులిన్ మానేయవచ్చని చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. టైప్-1లో ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. నిజమైన ఆశ వేరు. నేను గాజు సిరంజి నుంచి సన్నని సూది పెన్నుకు, బెనెడిక్ట్ ద్రావణం నుంచి చర్మానికి అంటించుకునే సెన్సర్‌కు రావడం కళ్లారా చూశాను. ఈ వ్యాధి పైకి కనిపించడాన్ని కొంతకాలం వాయిదా వేసే మందుకు 2022లో అమెరికాలో అనుమతి లభించింది. మన దేశంలో భారతీయ వైద్య పరిశోధన మండలి టైప్-1 చికిత్సకు మార్గదర్శకాలను అదే ఏడాది విడుదల చేసింది. నయం చేసే మందు ఇంకా రాలేదు. వచ్చేదాకా కళ్లనూ మూత్రపిండాలనూ కాపాడుకోవడం మన చేతిలోని పని.

ముగింపు

ఇంతవరకు చెప్పినదాన్ని క్లుప్తంగా గుర్తు చేసుకుందాం. పరీక్షలో వచ్చే అంకె సమాచారమే గాని మార్కు కాదు. జబ్బును కనీసం ఒకరిద్దరికైనా చెప్పాలి. ఉల్లాసం కోసం ఎదురుచూడకుండా, అది లేనప్పుడూ నడిచే ఏర్పాట్లు చేసుకోవాలి. అలసిపోతే సాయం అడగాలి.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఎవరైనా వింటుంటే వారికి ఒక మనవి. పిల్లలు ఎరుపు వచ్చిందని చెప్పినప్పుడు నిట్టూర్చకండి. "నిజం చెప్పావు, మంచిది. ఇప్పుడేం చేద్దాం?" అని అడగండి. నాన్న ఆ నిట్టూర్పు నా మీద కాదని, తన నిస్సహాయత మీదనని నాకు చాలా ఏళ్ల తరువాత చెప్పారు. అప్పటికి మా ఇంటికి గ్లూకోమీటరు వచ్చింది. మొదటిసారి 260 వస్తే, ఆయనే నోటు పుస్తకం తెచ్చి ఆ అంకెను తన చేత్తో రాశారు. ఆ పుస్తకంలో అబద్ధం ఒక్కటీ లేదు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆలోచించండి:

1. చక్కెర తీవ్రంగా పడిపోయిన స్నేహితుడికి మీరు మొదట ఏం చేస్తారు? ఏం చేయకూడదు?

2. తిండీ మందూ మారకపోయినా రక్తంలో చక్కెర మారడానికి మూడు కారణాలు చెప్పండి.

3. మీకు గాని, మీ ఇంట్లో ఎవరికైనా గాని దీర్ఘకాలిక వ్యాధి ఉంటే, వారికి ఉపయోగపడే ఒక "మీట" ఏమిటి? ఈ వారంలో దాన్ని ఎలా అమర్చగలరు?